ఇనప బకెట్ వంశం

నీకొచ్చిన ఆర్డరు కాయితం నేను రెండుసార్లు చదివించుకున్నాను బుజ్జీ. "బాలికల వసతి గృహమునకు వార్డెనుగా నియమించడమైనది" అన్న ముక్క దగ్గర మీ అమ్మ కళ్ళొత్తుకుంది. బాగానే ఉంది. కింద నీ విధులంటూ బోలెడు రాశారు. పర్యవేక్షణట, క్రమశిక్షణట, సమన్వయమట. అది రాసిన మనిషి ఆడపిల్లల హాస్టల్లో ఒక్క పూటైనా నీళ్ళు పట్టి ఉండడు. అసలు ఉద్యోగం ఏమిటో నేను చెబుతాను, నువ్వు టైపు చెయ్యి. మధ్యలో నవ్వకు. నవ్వితే నాకు వరస తప్పుతుంది.

"అమ్మమ్మా, నవ్వకు అన్నది గూడ రాయాల్నా?"

రాయి. నీతోపాటు చేరే పిల్లలకి కూడా పనికొస్తుంది.

నా కుర్చీ

నేను పనిచేసింది యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో. తార్నాకలో మన ఇంటి నుంచి నడిచిపోయే దూరం. మీ తాతయ్య రామంతాపూర్‌లో ఉద్యోగానికి బస్సెక్కేలోపే నేను గేటు లోపల ఉండేదాన్ని. హాస్టల్ డాబా ఎక్కితే మాణికేశ్వర్ నగర్ ఇళ్ళ మీద ఆరేసిన బట్టలన్నీ కనిపించేవి. నా హోదా కేర్‌టేకర్. పేరు రాజ్యలక్ష్మి అయితే, పిల్లలకి రాజ్యం ఆంటీని.

మాది గుడివాడ పక్క పల్లె కదా. చేరిన కొత్తలో పిల్లలు గట్టిగా మాట్లాడుకుంటుంటే తన్నుకుంటున్నారేమో అనుకుని మధ్యలో దూరేదాన్ని. "ఏం లేదాంటీ, ముచ్చట వెడుతున్నం" అనేవాళ్ళు. నేనేమో మా ఊరి అలవాటు కొద్దీ "రండమ్మా, భోంచేయండమ్మా" అనేదాన్ని. "ఆంటీ, మమ్మల్ని గట్ల పిలవకుండ్రి. పెండ్లిచూపులకు కూసున్నట్టయితది" అని పడీ పడీ నవ్వేవాళ్ళు.

మొదటిరోజే నాకు ఆఫీసు గదిలో కుర్చీ వేశారు. నీకూ వేస్తారు. ఆ కుర్చీ అక్కడి నుంచి తీసెయ్. ఆఫీసు గదికొచ్చే పిల్ల దారిలోనే అబద్ధం తయారుచేసుకుని వస్తుంది. "మా పెదనాన్నకి సీరియస్ మేడం" అంటుంది. ఆ పెదనాన్న మూడుసార్లు పోయినా నువ్వు ఏమీ అనలేవు. నేను నా కుర్చీని వెనక వరండాలో, మీరు నల్లాలనే ఆ కుళాయిల ఎదురుగా వేయించుకున్నాను. సగం నిద్రలో, నోట్లో బ్రష్షుతో ఉన్న మనిషి అబద్ధం ఆడలేదు.

బకెట్ చుట్టరికం

మా హాస్టల్లో నల్లా తెల్లారగట్ల వచ్చి, సరిగ్గా తలకి షాంపూ పెట్టుకునేసరికి పోయేది. అందుకని పిల్లలు ముందురోజు సాయంత్రమే బకెట్లు వరసలో పెట్టుకునేవాళ్ళు. పిల్ల మంచం మీద పడుకుంటుంది, ఆమెకి బదులు బకెట్ నిలబడుతుంది. ఒకరి బకెట్ ఇంకొకరు జరపకూడదు. పరీక్షలో కాపీ కొట్టే పిల్లలున్నారు, పక్కదాని చున్నీ అడక్కుండా వేసుకుపోయే పిల్లలున్నారు. బకెట్ జరిపే పిల్ల మాత్రం లేదు. ఒకామె జరిపింది ఒకసారి. ఎవరూ పలకలేదు. చివరికి తార్నాక నుంచి హాస్టలంతటికీ మిర్చీ బజ్జీలు మోసుకొచ్చి పెడితే అప్పుడు, అదీ కారం ఎక్కువైందని తిట్టడానికి, నోరు విప్పారు.

నేను రోజూ పొద్దున్నే ఆ వరస చూసుకునేదాన్ని. ఒకే గదిలో పిల్లల బకెట్లు దూరదూరంగా ఉన్నాయంటే ఆ గదిలో మాటల్లేవు. ఒక బకెట్ అసలు వరసలోకే రాలేదంటే ఆ పిల్లకి జ్వరమన్నా అయి ఉండాలి, ప్రేమన్నా అయి ఉండాలి. జ్వరమైతే మాత్ర ఇచ్చేదాన్ని, ప్రేమైతే అల్లం టీ ఇచ్చేదాన్ని. రెండూ వారంలో తగ్గేవి.

ఇక వంశం సంగతి. చదువు పూర్తిచేసుకుని వెళ్ళే పిల్ల తన బకెట్‌ని ఒక జూనియర్‌కి ఇచ్చి పోవాలి. ఇది ఎలా మొదలైందంటే, హాస్టల్ తెరిచిన కొత్తలో ఒకమ్మాయి సామానంతా సర్దుకుని, ఇనప బకెట్ చేత్తో పట్టుకుని బస్సెక్కబోయిందట. కండక్టరు "దానికి గూడ టికెట్ కొట్టాల్నా?" అన్నాట్ట. ఆమెకి రోషమొచ్చి, సాగనంపడానికొచ్చిన చిన్నపిల్ల చేతిలో బకెట్ పెట్టేసి, "అడుగున నా పేరుంది, చెరపకు. నీ పేరు కింద రాసుకో" అని చెప్పి ఎక్కేసిందట. అప్పటి నుంచీ అదే ఆచారం.

ఇచ్చినామె బకెట్ అక్క. పుచ్చుకున్నామె బకెట్ చెల్లి. అక్కకి అక్క పెద్దక్క. ఇంకా పైకి పోతే బకెట్ అమ్మమ్మ. కులం చూడరు, జిల్లా చూడరు. చేరిన మొదటి నెలలో ఏ పిల్ల నల్లా వేళకి లేస్తుందో ఆ పిల్లకే. చెల్లి పెళ్ళిలో బకెట్ అక్క అక్షింతలు ముందుగా పడాలి. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు తల్లి "ఈమె మీకేమైతది?" అని అడిగితే మా పిల్ల "మా పెద్దక్క, బకెట్ దిక్కుకెల్లి" అందట. అటు ఎన్ని తరాలు వెతికినా ఆ దిక్కు ఏదో వాళ్ళకి అంతుచిక్కలేదు పాపం.

ఒకరోజు సర్కారు జీపులో ఒక పెద్ద ఆఫీసరమ్మ దిగింది. వార్డెన్ మేడం పూలగుత్తి పట్టుకుని ఎదురెళ్ళింది. ఆవిడ పూలగుత్తి చంకలో పెట్టుకుని తిన్నగా నల్లాల దగ్గరికి నడిచి, "నా బకెట్ యాడున్నది?" అంది. చూసుకుని, దానికి సబ్బు మడ్డి పట్టిందని ఇప్పటి పిల్లని పిలిచి నిలబెట్టి చీవాట్లు పెట్టింది. తర్వాత ఆ పిల్లకే ఉద్యోగానికి చదవాల్సిన పుస్తకాలన్నీ పంపించింది. హాస్టల్ అంటే ఇదే. మిగతాదంతా గోడలు.

అన్నిటిలోకీ పాతది ఆ ఇనప బకెట్టే. సొట్టలు పడి, ఎత్తితే చెయ్యి గుంజుకుపోయే బరువు. అది ఎవరి దగ్గరుంటే ఆ పిల్లకి వరసలో ఎప్పుడూ మొదటి చోటు. దానికి బదులుగా ఆమె ఒక చాకిరీ చెయ్యాలి. నల్లా రాగానే మగ్గుతో బకెట్ మీద బాది హాస్టలంతటినీ లేపాలి.

సుజాత, హేమ

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఇనప బకెట్ సుజాత దగ్గరుంది. జగిత్యాల వైపు పిల్ల, ఎం.ఏ. చివరి ఏడు. ఎటువంటి గొంతంటే, ఊరేగింపులో మైకు పాడైతే కుర్రాళ్ళు మెకానిక్కు కోసం పోకుండా హాస్టల్ గేటు దగ్గరికొచ్చి, "సుజాతక్కను పంపుండ్రి ఆంటీ" అనేవాళ్ళు.

ఆమె తన చెల్లిగా ఎంచుకున్నది హేమని. హేమది అనంతపురం వైపు పల్లె. ఎమ్మెస్సీ మొదటి ఏడు. వాళ్ళ ఊళ్ళో అంత చదువుకొచ్చిన మొదటి ఆడపిల్ల. వాళ్ళ నాన్న ఓబుళపతి గారు దింపడానికొచ్చినప్పుడు గేటు దగ్గర నా ముందే చెప్పి వెళ్ళాడు. "ఏ రభసా నా చెవిన పడగూడదు. పడిందంటే ఆ పొద్దే పిలుచుకొని పోతా. మళ్ళ పంపేది లేదు." మాట మీద నిలబడే మనిషని చూడగానే తెలిసింది. అలాంటి తండ్రులతోనే కష్టం.

హేమనే ఎందుకు ఎంచుకున్నావంటే సుజాత, "నెలంతా నల్లా చప్పుడుకు లేసింది ఈ పోరి ఒక్కతే ఆంటీ" అంది. హేమ అంది కదా, "మా ఊర్లో నీళ్ళ చప్పుడైతే సచ్చినోళ్ళు గూడా లేస్తారక్కా."

ఇద్దరూ ఒకే కంచంలో తినేవాళ్ళు. తింటూనే పోట్లాడుకునేవాళ్ళు.

"మా నీళ్ళు, మా నౌకర్లు మొత్తం మీరే తింటిరి" అనేది సుజాత.

"మేమెప్పుడు తింటిమక్కా? మాకు తాగనీకే లేకపాయె."

"మీరంటె మీరు గాదు. గా కింది దిక్కోళ్ళు."

అప్పుడిద్దరూ కలిసి నా వైపు చూసేవాళ్ళు. కృష్ణా జిల్లా మనిషిని అక్కడ నేనొక్కదాన్నే కదా! "నా వంక చూస్తారేమే? నేను తిన్నదీ ఈ మెస్సు పప్పే" అనేదాన్ని.

"మిమ్మల్ని పంపియ్యం తియ్యి ఆంటీ. మీ ఆవకాయ జాడీలు ఎక్కించేటందుకు లారీ యాడ దొరుకుతది?" అనేది సుజాత. హేమ మాత్రం వదిలేది కాదు. "విడిపోవాలంటే నేను ఒప్పుకోనక్కా." "నిన్నెవరడిగిన్రే?" "అడక్కపోయినా చెప్తా." "చెప్పు. ముందుగాల గా పచ్చడి ఇటియ్యి."

భయపడిన బాసు

వార్డెన్ మేడం పేరు విశాలాక్షి గారు. బోటనీ ప్రొఫెసరు. పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి, తెలుగూ ఉర్దూ కలిపి వడ్డించేది. మంచి మనిషే. కానీ బాసుకి భయమేసిందంటే ఒక కాయితం పుడుతుంది, గుర్తుపెట్టుకో.

బయట రోజూ ర్యాలీలు, రాస్తారోకోలు. అప్పుడప్పుడు టియర్ గ్యాస్ పొగ గోడ దాటి లోపలికొచ్చేది. అందరం కళ్ళూ ముక్కూ కార్చుకుంటుంటే మెస్సులో ఉల్లిపాయలు తరిగే యాదమ్మ ఒక్కతే చలించకుండా తరుగుతూ ఉండేది. "గింత దానికే గింత ఆగమా?" అనేది.

మేడం నన్ను పిలిచింది. "రాజ్యలక్ష్మీ, క్యా కరేంగే అబ్, ఏం చేద్దాం? పిల్లలు లోపల కొట్లాడుకుంటే పేపర్ల పడతది. జిల్లాల వారీగా రూములు మార్చేద్దాం. ఆ దిక్కు ఆంధ్రా, ఈ దిక్కు తెలంగాణ, మధ్యల నీ కుర్చీ." నేను వద్దన్నాను. కాయితం అప్పటికే టైపైపోయింది.

సరే, మంచాలు మోశారు, ట్రంకు పెట్టెలు ఈడ్చారు. రాయలసీమ గదులన్నిటికీ కలిపి ఒక్క అలారం గడియారం కూడా లేదని మర్నాడు తేలింది. కోస్తా పిల్లల దగ్గర ఇస్త్రీ పెట్టెలు నాలుగున్నాయి, దోమతెర ఒక్కటీ లేదు. వరంగల్ పిల్లకి పక్కన విజయనగరం పిల్ల గురక పెడితేనే నిద్రపట్టేది, ఇప్పుడు పక్కకొచ్చింది నిజామాబాద్ పిల్ల గురక. జిల్లా మారిన గురక పనికిరాలేదు. ఒక్కొక్కళ్ళే దిండు చంకన పెట్టుకుని పాత గదులకి చేరిపోయారు. పొద్దున నల్లాల దగ్గర చూస్తే బకెట్లు ఎప్పటి వరసలో అప్పటిలాగే ఉన్నాయి.

మేడం వచ్చి చూసి, "ఇందులో ఆంధ్రా లైన్ ఏది?" అని అడిగింది. "ఎర్రవి కొన్ని, నీలంవి కొన్ని, మీరే చెప్పాలి మేడం" అన్నాను. ఆవిడ కాసేపు చూసి, "జానే దో, పోనియ్" అని వెళ్ళిపోయింది. ఆ కాయితాన్ని మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వెనక్కి తగ్గడం తెలిసిన బాసు దొరికితే నీ అదృష్టం, కాళ్ళకి దండం పెట్టు.

టీవీలో పడ్డ బకెట్

అసలు గొడవ ఇప్పుడు మొదలవుతుంది. టైపు చేస్తున్నావా? ఆ ఫోను పక్కన పెట్టు.

ఒకరోజు తార్నాక చౌరస్తాలో రాస్తారోకో పెట్టారు. డప్పులవాళ్ళు రావాల్సింది, బంద్ వల్ల ఎక్కడో ఇరుక్కుపోయారు. సుజాత ఊరుకుంటుందా? ఇనప బకెట్ నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. అంతకుముందు నుంచే మాకు నల్లా రావడం లేదు, ఆ రోజు ట్యాంకర్ వస్తుందని కబురొచ్చింది. హేమ గేటుకి అడ్డం నిలబడింది.

"అక్కా, బకెట్ నీళ్ళది. ఉద్యమానిది కాదు."

"మోగేది నా చెయ్యి. జరుగు."

"దాని మీద మా పక్క వాళ్ళ పేర్లు గూడా ఉండాయి. వాళ్ళను అడిగినావా?"

"అడుగుత. తెలంగాణ అచ్చినంక అడుగుత" అని సుజాత వెళ్ళిపోయింది.

ట్యాంకర్ వచ్చేస్తోందని వాచ్‌మన్ కేకేసేసరికి, వరసలో మొదటి బకెట్టే లేదని హేమ ఆగలేకపోయింది. పరిగెత్తింది చౌరస్తాకి. నేను చెప్పులు వెతుక్కుని వెనకాల పడ్డాను. అక్కడేమో నడిరోడ్డు మీద జనం, మధ్యలో సుజాత బకెట్ బోర్లించి బాదుతోంది. హేమ దూరి వెళ్ళి పిడి పట్టుకుంది. సుజాత అంచు పట్టుకుంది. ఇది ఇటు గుంజుతుంది, అది అటు గుంజుతుంది. ఇద్దరూ అరుస్తున్నారు. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు అదేదో కొత్త రకం నిరసన అనుకుని చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే టీవీ కెమెరా వచ్చింది. కెమెరా వెనకే పోలీసులొచ్చారు. పిల్లల్ని రోడ్డు పక్కకి తోసి, బకెట్‌ని జీపులో వేసుకుపోయారు.

సాయంత్రం టీవీలో అదే బొమ్మ. మాటలు వినపడవు కదా! హేమ పళ్ళు బిగబట్టి, జుట్టు రేగిపోయి, బకెట్ పైకెత్తుతున్నట్టుంది. సుజాత పక్కన ఎవరో అనుచరురాలిలా ఉంది. కింద "కదం తొక్కిన విద్యార్థినులు" అని అక్షరాలు.

అనంతపురం పల్లెలో టీ అంగడి దగ్గర ఓబుళపతి గారు చూశాడు. ఆయనొక్కడే చూస్తే పోయేది. ఊరంతా చూసింది. "ఏమప్పా, నీ కూతురు తెలంగాణ తెచ్చిస్తాందే!" అన్నారట. ఆయన టీ గ్లాసు కింద పెట్టేసి లేచాడట. హాస్టల్ ఫోనుకి ఒకే ఒక్క మాట చెప్పాడు. "నేను బయల్దేరినా. పెట్టె సర్దుకోమనండి."

హేమ ఏడవలేదు. పెట్టె సర్దుకుని దాని మీద కూర్చుంది. పరీక్షలు దగ్గరపడ్డాయి, ఇప్పుడు వెళ్తే ఆ చదువు అక్కడితో సరి. సుజాతతో మాట్లాడలేదు. సుజాతా పలకరించలేదు. మర్నాడు పొద్దున వరసలో మొదటి చోటు ఖాళీగా ఉంది. ఎవరూ జరిగి ఆ చోట్లో బకెట్ పెట్టలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను భయపెట్టింది టియర్ గ్యాస్ కాదు బుజ్జీ, ఆ ఖాళీ.

బకెట్ విడుదల

సుజాత నా కుర్చీ దగ్గరికొచ్చి గోడ వైపు చూస్తూ అంది. "ఆంటీ, బకెట్ తెచ్చుకుందాం పా."

స్టేషన్‌కి వెళ్ళాం. హెడ్ కానిస్టేబుల్ ఒకాయన మంచినీళ్ళు తాగుతున్నాడు. ఎందులోంచి ముంచుకుంటున్నాడో చూస్తే మా ఇనప బకెట్! బల్ల పక్కన, పైన పళ్ళెం మూత, మూత మీద గ్లాసు బోర్లించి, ఎన్నాళ్ళుగానో అక్కడే ఉన్నట్టు కుదురుకుపోయింది.

"అది మా హాస్టల్ బకెట్ అండి" అన్నాను.

"గట్లనా? సామాను విడిపిచ్చుకోవాల్నంటే ఎవరిదో తెల్వాలె గదమ్మా. అడుగున సూస్తే పది పదిహేను పేర్లున్నయి. గింతమంది ఓనర్లా? అండ్ల మీ పేరేది?"

నా పేరు ఎందుకుంటుంది? నాకు బకెట్ ఇచ్చిన అక్క ఎవరూ లేరు. సుజాత పేరుంది. కానీ ఆ పేరు చెబితే నిన్న బాదింది తనేనని ఒప్పుకున్నట్టే. ఒక కేసు పడిందంటే సర్కారు నౌకరీ ఆశ వదులుకోవాల్సిందే. నేను ఆమె చెయ్యి నొక్కాను. ఆ పిల్ల చెయ్యి విడిపించుకుంది.

"ఆఖరి పేరు నాదే సార్. సుజాత."

"నిన్న చౌరస్తాల కొట్టింది నువ్వేనా?"

"నేనే."

ఆయన లేచాడు. తలుపు వైపు చూశాడు, లోపలి గది వైపు చూశాడు, గొంతు తగ్గించాడు. "మంచిగ కొట్టినవ్ బిడ్డా. గనీ నడుమ నడుమ తాళం తప్పింది. డప్పు అట్ల కొట్టరు." బల్ల మీద వేళ్ళతో ఎలా కొట్టాలో కాస్త కొట్టి చూపించాడు కూడా. తర్వాత మొహం వేలాడేశాడు. "తీస్కపోతే మాకు నీళ్ళెట్ల? గిది అచ్చినంక మస్తు ఆరామ్‌గుండె."

తార్నాకలో సగం మూసిన షట్టర్ కింద దూరి ఒక నీలం ప్లాస్టిక్ బకెట్ కొనుక్కొచ్చి ఇచ్చాం. ఆయన దాన్ని వేలితో కొట్టి చూసి, "గిది మోగదు" అని నిట్టూర్చాడు.

గేటు దగ్గర

మేం తిరిగొచ్చేసరికి ఓబుళపతి గారు, రాత్రి రైల్లో వచ్చి దిగిన చోటి నుంచి నడిచొచ్చి, గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, పక్కన హేమ ట్రంకు పెట్టె, దాని పక్కన హేమ. మగవాళ్ళకి గేటు దాటి ప్రవేశం లేదు. బయటికి పోదామంటే బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. సాయంత్రం దాకా కదిలే దారి లేదు.

"అయ్యా, ఆ పిల్ల ఉద్యమానికి పోలేదు, బకెట్ కోసం పోయింది. ఆ సుజాతకీ మీ అమ్మాయికీ అప్పటి నుంచీ మాటల్లేవు" అని నేను చెప్పబోయాను.

"బకెట్ కోసమా?" అన్నాడాయన. "ఏమ్మా, చెప్తే నమ్మేట్లు చెప్పాల." అదీ నిజమే. నేనైనా నమ్మను. "నేను దండించనీకి రాలేదమ్మా. ఇంత రచ్చలో నా బిడ్డకు ఏమైనా అయితే ఎవురు చూస్తారు? ఇక్కడోళ్ళు కొట్లాడతాండారు, పరాయి చోటు. ఇక్కడ మాకు ఎవురుండారు?"

 నేనుంటాను అనొచ్చు. కానీ నేనూ కింది దిక్కుదాన్నే కదా, ఆయన లెక్కలో నేనూ ఇక్కడ పరాయిదాన్నే.

అప్పుడొచ్చింది ట్యాంకర్. లోపలికి పోలేక గేటు ముందే ఆగింది. నల్లా చూసి ఎన్నాళ్ళయిందో, పిల్లలు బకెట్లతో పరిగెత్తుకొచ్చారు. ఓబుళపతి గారు లేచి నిలబడి, పెట్టెని కూతురితో సహా గోడ వైపు జరిపాడు. నీళ్ళ బండి దగ్గర ఏం జరుగుతుందో అనంతపురం మనిషికి ఒకరు చెప్పాలా? తలలు పగలడం ఆయన చూసినవాడు.

సుజాత నడిచొచ్చింది. ఇనప బకెట్‌ని ట్యాంకర్ పైపు కింద, అన్నిటికన్నా ముందు పెట్టింది. వెనక్కి వచ్చి, హేమ చెయ్యి పట్టుకుని లేపి, తీసుకెళ్ళి బకెట్ పిడి ఆ చేతిలో పెట్టింది.  మగ్గుతో బకెట్ మీద బాదింది. ఈసారి తాళం తప్పలేదు.

వెనక నుంచి ఒకమ్మాయి అంది, "అక్కా, ఈమె ఊరికి పోతున్నది గదా. ఈమెకెందుకు ముందు?"

"పోయేటప్పుడు పోతది" అంది సుజాత. "ఉన్నంత సేపు ముందల్నే నిలవడ్తది. ఎవరికన్న తక్లీఫ్ ఉన్నదా?"

ఎవరికీ లేదు. హేమ బకెట్ నిండింది. దాని వెనక వరంగల్ బకెట్, దాని వెనక విజయనగరం, ఎప్పటి వరసలో అప్పటిలాగే. హేమ కళ్ళు తుడుచుకుంటూనే అంది, "అయినా నేను ఒప్పుకోనక్కా. విడిపోయేదానికి."

"నిన్నెవరడిగిన్రే?" అంది సుజాత ముక్కు చీదుకుంటూ. "నిండింది సూడు, తియ్యి."

ఓబుళపతి గారు నన్ను పిలిచాడు. "ఏమ్మా, వీళ్ళిద్దరూ మాట్లాడుకోవట్లేదు అంటిరే?"

"అవునండి. పెద్ద గొడవ."

"మరి నా బిడ్డను ముందర నిలబెట్టె?"

"ఆ బకెట్ ఎవరిదైతే వాళ్ళే ముందండి. ఇవాళ్టి నుంచి ఆ బకెట్ మీ అమ్మాయిది. చెల్లెలు కదా!"

ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "మా ఊర్లో నీళ్ళకాడ సొంత వదినె గూడా ముందుకు పోనీదమ్మా" అన్నాడు. "కన్నతల్లి గూడా ముందు తన బిందే నింపుకుంటాది." అంటూనే ఆయన చూపు పైపు మీద పడింది. ట్యాంకర్ కుర్రాడు పైపు వంచి పట్టుకోవడంతో నీళ్ళు రోడ్డు పాలవుతున్నాయి. ఆ మనిషికి ఒళ్ళు మండిపోయింది. "రేయ్! నీళ్ళురా అవి!" అని ఒక్క అరుపు అరిచి, పంచె ఎగగట్టి, పైపు లాక్కున్నాడు. ఇక చివరి బకెట్ దాకా ఆయనే పట్టాడు. ఒక్క చుక్క కింద పోలేదు. పెద్ద బకెట్ తెచ్చిన పిల్లని "వెనకోళ్ళకు ఉండాల్నా లేదా?" అని కసిరాడు కూడా. పిల్లలందరూ ఆయన్ని ఓబుళపతి నాన్న అనేశారు ఆ కాసేపట్లోనే.

సాయంత్రం బస్సులు మొదలయ్యాయని వాచ్‌మన్ చెప్పాడు. ఓబుళపతి గారు చెప్పులేసుకున్నాడు. హేమ లేచి నిలబడింది.

"పెట్టె ఎత్తుకో" అన్నాడు కూతురితో.

ఎత్తుకుంది.

"ఏంటికి ఇట్ల వస్తావు? లోపలికి పో" అన్నాడు. "నాకు ఆ గేటు దాటే అధికారం లేదంటనే. నువ్వే మోసుకోవాల." తర్వాత సుజాత వైపు తిరిగాడు. "అమ్మాయీ, ఈసారి టీవీలో పడినప్పుడు నా కూతురు పక్కన నువ్వు కొంచెం పెద్దగా కనపడు. ఊర్లో జవాబు చెప్పలేక సస్తాండా."

చివరగా నీకు

రాష్ట్రం వచ్చిన రోజు నేను హాస్టల్లోనే ఉన్నాను. టపాసుల మోతకి పిల్లలు డాబా మీద ఎగురుతున్నారు. సుజాత అప్పటికి జగిత్యాల దగ్గర కాలేజీలో పాఠాలు చెబుతోంది, ఆ రోజుకని పరిగెత్తుకొచ్చింది. హేమ అనంతపురంలో పరిశోధన చేసుకుంటోంది. నా పక్కన నిలబడే సుజాత ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడింది, అందుకని నాకు రెండు వైపులా వినపడింది.

"తెచ్చుకున్నావు కదక్కా" అంది హేమ.

"తెచ్చుకున్న. నువ్వు ఒప్పుకుంటివా ఇప్పటికన్న?"

"ఒప్పుకోలేదు. సంతోషమే గానీ ఒప్పుకోలేదు." మాట మార్చి అడిగింది. "హాస్టల్లో నల్లా వస్తాందా?"

సుజాత వరండాలోకి వంగి చూసింది. బకెట్లు వరసలో ఉన్నాయి, ముందు ఇనప బకెట్, దాని పక్కన ఎవరో కొత్త పిల్ల, నల్లా వైపే చూస్తూ.

"రాష్ట్రం అచ్చింది గనీ" అంది సుజాత, "నల్లా ఇంక రాలే."

"అయితే నా బకెట్ ముందరే పెట్టి ఉండనియ్యి. వస్తా."

అంతే బుజ్జీ, నాకు తెలిసిన ఉద్యోగం. ఆ ఆర్డరు కాయితం మడిచి పెట్టెలో అడుగున పెట్టుకో. వెళ్ళిన రోజునే కుర్చీ నల్లాల దగ్గరికి మార్పించుకో. తెల్లారగట్ల లే.

"తెల్లారగట్లనా అమ్మమ్మా? రోజూనా?"

రోజూనే. నీ బకెట్ వరసలో లేకపోతే, నీకు జ్వరమో ప్రేమో అనుకుంటారు.